చేప కాని చేపలు

బీవర్ అనే జంతువుని క్యాథలిక్ చర్చి చేపగా ప్రకటించిందట. ఈ మాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. క్విజ్‌లో, ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర, వాట్సాప్‌లో. దాని వెనకే మిగతా జంతువులూ వరసగా వస్తాయి: వెనిజులాలో కేపిబారా, డెట్రాయిట్ దగ్గర మస్క్‌రాట్ అనే నీటి ఎలుక, లూసియానాలో మొసలి. ఈస్టర్‌కి ముందు నలభై రోజులు మాంసం తినకూడదు, చేప తినొచ్చు. కాబట్టి నోరు కట్టుకోలేని భక్తులు నీళ్లలో కనిపించిన ప్రతిదాన్నీ చేపల జాబితాలో కలిపేసుకున్నారు. జోకు అంతే. బాగానే పేలుతుంది.

ఈ జోకుతో నాకున్న పేచీ చిన్నది. ఇందులో ఎప్పుడూ రెండే పాత్రలు: తెలివితక్కువ రూలు ఒకటి, దాన్ని బురిడీ కొట్టించే గడుసువాడు ఒకడు. రూలు రాసినవాళ్లు ఏమనుకున్నారు, పాటించినవాళ్లు ఏం పోగొట్టుకున్నారు, ఆ కాలంలోనే దాన్ని చూసి ఎవరు నవ్వారు, ఎవరికి నవ్వు రాలేదు? ఇవేవీ జోకులో ఉండవు. కొన్నాళ్లుగా ఈ కథల మూలాలు వెతుక్కుంటూ పాత లాటిన్ పుస్తకాల ఇంగ్లీషు అనువాదాలు చదువుతున్నాను. జోకు కంటే ఆ పుస్తకాలే ఎక్కువ తమాషాగా ఉన్నాయి, ఎక్కువ చేదుగానూ ఉన్నాయి.

ముందు రూలేమిటో చూద్దాం. మన తెలుగు కతోలికులు తపస్సు కాలం అని పిలిచే ఈ నలభై రోజులు విభూది బుధవారంతో మొదలవుతాయి. 1966లో పోపు ఆరవ పాల్ నియమాలు సడలించాక, తప్పనిసరి ఉపవాసాలు రెండు రోజులే మిగిలాయి: విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే. శుక్రవారాలు మాంసం మానేస్తే చాలు. మధ్యయుగాల యూరప్‌లో అలా కాదు. నలభై రోజులూ (ఆదివారాలు మినహా) ఒంటిపూట భోజనం, అదీ మధ్యాహ్నం మూడు దాటాక. మాంసం లేదు, గుడ్లు లేవు, పాలు, వెన్న, చీజ్ లేవు. ఇవి కాక ఏడాది పొడవునా శుక్రవారాలు, పండగల ముందు రోజులు.

ఎందుకు అన్న ప్రశ్నకి 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ తన సుమ్మా థియొలోజికాలో జవాబు రాశాడు. నేల మీద బతుకుతూ గాలి పీల్చే జంతువుల మాంసం, వాటి నుంచి వచ్చే పాలు, గుడ్లు మనిషికి ఎక్కువ రుచి, ఎక్కువ పుష్టి, దాంతో ఎక్కువ కామం ఇస్తాయి, అందుకని నిషేధం. ఇక్కడ గమనించాల్సింది ఆ విభజన. ఆయన జీవశాస్త్రం పరీక్ష రాయడం లేదు. నేల మీదివి ఒక పక్క, నీళ్లలోవి ఇంకో పక్క, అంతే. ఆ లెక్కలో నీళ్లలో బతికే బీవర్ తోకని చేపల వైపు నెట్టడం మనకి అనిపించేంత పెద్ద మోసమేం కాదు. వర్గీకరణలన్నీ అవి పుట్టిన వంటింటి వాసన వేస్తాయి. మన ప్యాకెట్ల మీది పచ్చ చుక్కనే చూడండి. పాలు, నెయ్యి, పనీరు శాకాహారం, గుడ్డు మాంసాహారం. అక్వినాస్ ముందు పెడితే ఈ రెండిటికీ తేడా ఏమిటని అడుగుతాడు. రెండూ జంతువు ఒంట్లోంచి వచ్చినవే కదా, మీరు ఒకదాన్ని మాత్రం గుడిలోకి ఎలా రానిచ్చారు అని.

ఇక నాకు బాగా నచ్చిన కథ. బీవర్ కంటే ముందు బాతు ఉంది. చలికాలంలో ఐర్లండ్, బ్రిటన్ తీరాలకి ఒకరకం నలుపు తెలుపు బాతులు వచ్చేవి. అవి గుడ్లు పెట్టడం అక్కడ ఎవరూ చూడలేదు (గూళ్లు ఎక్కడో ఆర్కిటిక్‌లో ఉండేవి). అదే తీరంలో, సముద్రంలో కొట్టుకొచ్చిన దుంగలకి పొడవాటి మెడలతో గవ్వల్లాంటి ప్రాణులు వేలాడుతూ కనిపించేవి. రెండూ కలిపి చూసినవాళ్లు ఒక నిర్ధారణకి వచ్చారు: ఈ బాతులు చెక్క మీద కాస్తాయి. 1188 ప్రాంతంలో ఐర్లండ్ గురించి పుస్తకం రాసిన గెరాల్డ్ ఆఫ్ వేల్స్ ఇలా గవ్వల్లో వేలాడుతున్నవాటిని వెయ్యికి పైగా కళ్లారా చూశానని చెప్పాడు. ఐర్లండ్‌లో కొన్నిచోట్ల బిషప్పులూ మఠాలవాళ్లూ ఉపవాస దినాల్లో ఈ బాతుల్ని నిస్సంకోచంగా తింటారని కూడా రాశాడు. మాంసం నుంచి పుట్టలేదు కాబట్టి అది మాంసం కాదని వాళ్ల వాదన.

జోకు ఇక్కడ ఆగిపోతుంది. పుస్తకం ఆగదు. మరుసటి వాక్యాల్లోనే గెరాల్డ్ ఆ బిషప్పుల మీద విరుచుకుపడతాడు. ఆదాము కూడా తల్లీతండ్రీ లేకుండా మట్టిలోంచి వచ్చినవాడే కదా, మరి ఎవరైనా ఆదాము తొడ కోసుకు తింటే మాంసం తిననట్టేనా అని అడుగుతాడు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఈ వెటకారం ముందు మన వాట్సాప్ జోకు చప్పగా ఉంటుంది. గెరాల్డ్ పూజారి వర్గంవాడే. చెట్టుకి బాతులు కాస్తాయని నమ్మినవాడే. అయినా ఆ నమ్మకాన్ని సాకుగా వాడుకోవడం ఒప్పుకోలేదు. అంటే ఈ చాతుర్యాన్ని మొదట పట్టుకున్నది మనం కాదు, ఆ మతం లోపలివాళ్లే.

అదే పేజీలో ఇంకో సంగతి ఉంది. ఫన్ ఫ్యాక్ట్ రాసేవాళ్లు దాన్ని ఎప్పుడూ వదిలేస్తారు. గెరాల్డ్ ఈ బాతుల్ని యూదుల మీదికి తిప్పుతాడు. జంటకట్టకుండా బాతు పుట్టడం మీ కళ్ల ముందే జరుగుతుంటే, కన్య కడుపున బిడ్డ పుట్టాడంటే ఎందుకు నమ్మరు అని గద్దిస్తాడు. ఇది చదివినప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది. తిండి గురించిన ఒక అబద్ధం, ముచ్చటైన అబద్ధమే, రెండో పేరాకల్లా ఎదుటివాడి మీద ఆరోపణ అయిపోయింది. ఐరిష్ బిషప్పుల్ని వెక్కిరించిన ఆ తెలివే ఇక్కడ పొరుగువాడిని కొట్టడానికి పనికొచ్చింది. గెరాల్డ్ మంచి రచయిత, సందేహం లేదు. మంచి రచయితల చేతిలో పుకార్లు ఎక్కువకాలం బతుకుతాయి.

బతికింది కూడా. దీన్ని చంపడానికి చాలామంది ప్రయత్నించారు. చక్రవర్తి రెండో ఫ్రెడరిక్, డేగవేట మీద పెద్ద గ్రంథం రాసినవాడు, ఉత్తరాదికి మనుషుల్ని పంపి ఆ చెక్కముక్కలు తెప్పించుకుని చూశాడు. గవ్వల్లో పక్షి రూపం ఏదీ కనపడలేదు. ఈ బాతులు ఎక్కడో దూరాన గుడ్లు పెడుతుంటాయి, ఆ చోటు తెలియక జనం కథ అల్లుకున్నారని తేల్చాడు. ఆయన కాలంవాడే ఆల్బర్టస్ మాగ్నస్, అవి జత కట్టడం, గుడ్లు పెట్టడం మేం స్వయంగా చూశామని రాశాడు. ఆల్బర్ట్ డొమినికన్ సన్యాసి, అక్వినాస్‌కి గురువు. 1596లో డచ్ నావికులు స్పిట్స్‌బెర్గెన్ దీవుల్లో బాతుల గూళ్లు కనిపెట్టారు. ఇంత జరిగాక కూడా 1758లో లినేయస్ ఆ గవ్వ ప్రాణికి పెట్టిన శాస్త్రీయ నామం లెపాస్ అనాటిఫెరా. అనాటిఫెరా అంటే బాతుల్ని మోసేది. బగ్ ఎప్పుడో ఫిక్స్ అయినా వేరియబుల్ పేరు మాత్రం అలాగే ఉండిపోవడం మా వృత్తిలో రోజూ చూసేదే.

ఈ కథల్లో జంతువులకే ఎక్కువ పేరొచ్చింది గానీ, నన్నడిగితే అసలు సాహిత్యం గడియారంలో ఉంది. ఒంటిపూట భోజనం తొమ్మిదో గంట ప్రార్థన అయ్యాక అన్నారు కదా. సూర్యోదయం నుంచి లెక్కపెడితే అది మన మధ్యాహ్నం మూడు. లాటిన్‌లో దాని పేరు నోనా. శతాబ్దాలు గడిచేకొద్దీ ఆ ప్రార్థన మెల్లగా వెనక్కి జరిగింది, జరిగి జరిగి మిట్టమధ్యాహ్నానికి చేరింది. ఇంగ్లీషులో పన్నెండు గంటలని నూన్ అంటారే, ఆ మాట ఈ నోనా నుంచే వచ్చింది. ఎదురుచూసేవాళ్ల ఆకలే ఆ గంటని లాక్కొచ్చిందని ఒక వివరణ. ఇంకా చిత్రం, లెంట్‌లో సాయంకాలపు ప్రార్థన అయ్యాకే తినాలన్న నియమం ఉండేది. దాన్ని ఎవరూ మీరలేదు. సాయంకాలపు ప్రార్థననే పొద్దున్న, భోజనానికి ముందు చదివేసుకున్నారు! రూలు మీరడం ఇష్టం లేక సూర్యుణ్ణి జరిపిన మనుషులు వీళ్లు. దీన్ని కపటం అని కొట్టిపారేయొచ్చు. నాకు మాత్రం మాట తప్పడానికి మనసొప్పనివాళ్లు పడే అవస్థలా కనిపిస్తుంది.

దీనికి జోడీగా ఇంకో మాట ఉంది: కొలేషన్. మఠాల్లో సాయంత్రం అందరూ కూర్చుని, 5వ శతాబ్దపు సన్యాసి జాన్ కాసియన్ రాసిన కొలేషనెస్, అంటే సంభాషణలు, చదువుకునేవాళ్లు. ఉపవాసం రోజుల్లో ఆ పఠనంతో పాటు గుక్కెడు ద్రాక్షసారా ఇవ్వడం మొదలైంది. ఉత్త కడుపుతో తాగితే పడదని చిన్న రొట్టెముక్క చేరింది. కొన్నాళ్లకి ఆ చిరుతిండి పేరే కొలేషన్ అయింది. ఇంగ్లీషులో ఇవాళ ఆ మాటకి అర్థం తేలికపాటి భోజనం, ఇటాలియన్‌లో దాని చుట్టం కొలాజియోనే అంటే పొద్దుటి ఫలహారం. పుస్తకం పేరు తిండి పేరైంది.

ఇప్పుడు మన ఫలహారం అన్న మాట చూడండి. ఫలం, ఆహారం. ఏకాదశికి అన్నం మానేసి పండు తినమని మొదలైన మాట. మన ఇళ్లలో అది పలారమై, ఉప్మా, ఇడ్లీ, అట్లు, వాటి మీదకి కొబ్బరి పచ్చడి దాకా వచ్చింది. బియ్యం అన్నంగా ఉంటే ఉపవాసం చెడుతుంది, రవ్వగా ఉంటే చెడదు. ఇదంతా తెలిసి పెరిగిన మనకి ఐరిష్ బిషప్పుల బాతు అంత వింతగా అనిపించకూడదు. భాష ఇలాంటి రాజీలన్నిటినీ కిక్కురుమనకుండా దాచిపెట్టుకుంటుంది. మీ నిఘంటువులో ఫలహారం అన్న ఆరోపం తిరగేసి చూడండి, పండుకి ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది.

చాక్లెట్ వివాదం గురించి పుస్తకాలకి పుస్తకాలే ఉన్నాయి, నేను ఎక్కువసేపు ఆగను. అమెరికా ఖండం నుంచి చాక్లెట్ పానీయం స్పెయిన్‌కి వచ్చాక అది ఉపవాసం చెడగొడుతుందా లేదా అన్న పేచీ మొదలైంది. 1636లో ఆంతోనియో దె లియోన్ పినెలో మాడ్రిడ్‌లో ఆ ఒక్క ప్రశ్న మీదే పుస్తకం అచ్చేశాడు. 1660లలో రోమ్‌లో కార్డినల్ బ్రాంకాచ్చో ద్రవపదార్థం ఉపవాసాన్ని చెడపదన్న పాత సూత్రంతో చాక్లెట్‌కి అనుమతి పలికాడు. అక్వినాస్ అప్పటికే లేహ్యాల విషయంలో ఒక మాట చెప్పి ఉన్నాడు: అరుగుదలకి తీసుకుంటే ఉపవాసం చెడదు, అదే సాకుతో గిన్నెడు తినేస్తే చెడుతుంది. గిన్నె సైజు చూసుకోమన్నాడు పెద్దాయన.

జోకు పూర్తిగా దాచేసే సంగతి డబ్బు. నియమం అందరికీ ఒకటే, వంటిల్లు అందరికీ ఒకటి కాదు. ధనవంతుల వంటపుస్తకాల్లో లెంట్ అంటే బాదం పాలు, మఠాల చెరువుల్లో పెంచిన లావుపాటి చేపలు, గుడ్డు పెంకులో బాదం ముద్ద నింపి చేసిన ఉత్తుత్తి గుడ్లు. పేదవాడికి ఉప్పులో ఊరిన హెర్రింగ్, బఠాణీలు, ఎండు కాడ్ చేప. ఆ ఎండుచేప ఎంత గట్టిగా ఉండేదంటే, 14వ శతాబ్దం చివరలో పారిస్‌లో ఒక గృహస్థు తన చిన్నవయసు భార్య కోసం రాసిన ఇల్లాలి పుస్తకంలో దాన్ని చెక్క సుత్తితో గంటసేపు కొట్టి ఆ తర్వాత నానబెట్టమంటాడు. ఎండుచేపల పులుసు తెలిసిన నాకు అది చదివితే జాలేసింది. చింతపండు లేదు, మిరపకాయ లేదు, నలభై రోజులు అదే.

వెన్న సంగతి ఇంకా ఘోరం. దక్షిణ యూరప్‌లో ఆలివ్ నూనె దొరుకుతుంది, వెన్న మానేస్తే పెద్ద నష్టమేం లేదు. ఉత్తరాదివాళ్లకి వెన్నే నూనె. అక్కడ వెన్న తినడానికి అనుమతి కావాలంటే చర్చికి డబ్బు కట్టాలి. ఫ్రాన్స్‌లో రూఆన్ కథెడ్రల్‌కి 1485లో మొదలుపెట్టిన ఒక గోపురం ఉంది, పేరు వెన్న గోపురం. ఆ అనుమతుల సొమ్ముతో కట్టారు కాబట్టే ఆ పేరని చెబుతారు. (మోనే ఆ కథెడ్రల్‌ని ముప్ఫైసార్లు బొమ్మ వేశాడు.) 1520లో లూథర్ జర్మన్ ప్రభువులకి రాసిన విజ్ఞప్తిలో వెన్న గురించే మండిపడ్డాడు. రోమ్‌లో వాళ్లు ఉపవాసాల్ని చూసి నవ్వుకుంటారు, చెప్పులకి కూడా రాసుకోని నూనెని మన చేత తినిపిస్తారు, ఆ తర్వాత వెన్న తినే స్వేచ్ఛని మనకే అమ్ముతారు అన్నది ఆయన ఫిర్యాదు. సిద్ధాంతం మీద జరిగిన పోరాటం అనుకుంటాం గానీ, సంస్కరణోద్యమం సగం వంటింట్లో రాజుకుంది.

చేపల వ్యాపారం పెంచడానికే పోపు శుక్రవారం చేప తినమన్నాడని ఇంకో ప్రసిద్ధ కథ. చేపల వ్యాపారం కోసం చట్టం చేసింది నిజానికి పోపుని తన్ని తరిమేసిన ఇంగ్లండే. 1563లో మొదటి ఎలిజబెత్ పార్లమెంటు బుధవారాన్ని కూడా చేపరోజు చేసింది. కారణం దాచుకోలేదు కూడా: జాలర్లు బాగుంటే నావికాదళానికి మనుషులు దొరుకుతారు. పైగా అదే చట్టంలో, ఇలా చేప తినడం ఆత్మ రక్షణకి అవసరమని ఎవరైనా ప్రచారం చేస్తే తప్పుడు వార్తలు పుట్టించినవాళ్లుగా శిక్షిస్తామని రాశారు. భక్తితో పాటిస్తే నేరం, దేశం కోసం పాటిస్తే విధి! దీని వెనకున్న మంత్రి విలియం సెసిల్ పేరు మీద జనం దాన్ని సెసిల్ ఉపవాసం అని వెక్కిరించారు. పోపు మీద వేసిన నింద ఆయన శత్రువుల చట్టంలో అక్షరాలా కనబడటం కంటే మంచి వ్యంగ్యం ఏ నవలాకారుడూ కల్పించలేడు.

ఈ విషయం మీద వచ్చిన రచనల్లో నాకు ఎక్కువ నచ్చినదీ, ఎక్కువ విసిగించినదీ ఒకటే. 1526లో ఎరాస్మస్ రాసిన ఇక్తియొఫాగియా, అంటే చేపల తిండి. ఒక కసాయివాడికీ ఉప్పుచేపల వ్యాపారికీ మధ్య సంభాషణ. మొదలే అదిరిపోతుంది. కసాయి ఎదురుపడి, ఉరేసుకోడానికి తాడు కొనుక్కున్నావా అని అడుగుతాడు. ఇక మీదట ఎవరేం తిన్నా ఫర్వాలేదని కొత్త ఉత్తర్వు వచ్చిందట, నీ చేపలు ఎవరు కొంటారు అని. చేపలవాడు తక్కువ తినలేదు. వద్దన్నారు కాబట్టే జనం మాంసానికి ఎగబడ్డారు, ఇప్పుడు మోజు తీరిపోతుంది, తాడు నీకే కావాలి అంటాడు. ఈ నాలుగు మాటల్లో ఒక ఆర్థికశాస్త్రం, ఒక మనస్తత్వశాస్త్రం, రెండు దుకాణాల వాసనా ఉన్నాయి.

తర్వాత సంభాషణ పొడుగవుతుంది, చాలా పొడుగు. దేవుడి ఆజ్ఞ ఏది, మనిషి పెట్టిన నియమం ఏది, రెండోది మొదటిదాని కంటే బరువెలా అయింది అన్న ప్రశ్న మీదికి వెళ్తుంది. తాగి తందనాలాడే పూజారిని ఎవరూ ఏమీ అనరు, జుట్టు పెంచుకుంటే మాత్రం ఊరంతా గగ్గోలు అన్న పోలిక పదునుగా ఉంది. కానీ ఈలోగా చేపలవాడు ఎక్కడికి పోయాడు? పది పేజీలు దాటాక అతను పూర్తిగా వేదాంతి. పౌలు లేఖలు, సభల తీర్మానాలు అలవోకగా ఉదహరిస్తాడు. కసాయి వంతు ఆశ్చర్యపోవడమే. మొదట్లో చేతికంటిన పొలుసులు ఆఖరుకి ఒక్కటీ మిగలవు. పనివాళ్ల నోట తన మాటలు పెట్టడం మంచి ఎత్తే, పాఠకుణ్ణి ఆకట్టుకుంటుంది కూడా. కానీ ఆ ఎండుచేపని సుత్తితో కొట్టి వండుకు తిన్న మనిషికి అందులో మాట్లాడే వంతు రాలేదు. మన దగ్గర కూడా పల్లెటూరి పాత్రల చేత సంపాదకీయాలు చదివించే కథలు తక్కువేం లేవు కాబట్టి ఈ లోపం నాకు వెంటనే తగిలింది.

ఆ సంభాషణ మళ్లీ ప్రాణం పోసుకునేది ఎరాస్మస్ సొంత గాయం తగిలినచోట. యవ్వనంలో ఆయన పారిస్‌లోని మాంటెగ్యూ కాలేజీలో చదివాడు. కఠిన నియమాల పేరుతో అక్కడ కుర్రాళ్లకి మాంసం పూర్తిగా మానిపించడం, కుళ్లిన గుడ్లు, పాడైన నీళ్లు, గట్టి పడకలు, ఎంతోమంది మంచి పిల్లలు రోగాల పాలై పోవడం గురించి చేపలవాడి నోట చెప్పిస్తాడు. అక్కడ వాక్యాలు మారిపోతాయి. వాదన ఆగి కోపం మొదలవుతుంది. చిన్నప్పుడు ఇంటికి దూరంగా రెసిడెన్షియల్ కాలేజీలో, క్రమశిక్షణ అన్న పేరుతో పెట్టింది తిన్నవాళ్లు ఆ పేజీని ఇంకోలా చదువుతారు. ఎరాస్మస్‌కి చేప వాసనే పడేది కాదు, లెంట్‌లో మాంసం తినడానికి అనుమతిపత్రం కూడా సంపాదించుకున్నాడు. ఆ సంగతి పట్టుకుని ఇదంతా తన పొట్ట కోసం రాసుకున్నాడని కొందరు తీసిపారేస్తారు. పొట్ట కోసం రాసినంత మాత్రాన అబద్ధం అవుతుందా? అనుమతి కొనుక్కోగలిగినవాడు, కొనుక్కోలేనివాళ్ల గురించి కూడా రాశాడు. అది తక్కువేం కాదు.

ఆ 1526 వసంతంలోనే పారిస్‌లో కవి క్లెమాఁ మారోని జైల్లో పెట్టారు. నేరం: లెంట్‌లో పందికొవ్వు తిన్నాడని. లూథర్ మనిషి అన్న అనుమానానికి ఆ ముక్క సాక్ష్యం. నాలుగేళ్ల ముందు, 1522 మార్చిలో, జూరిక్‌లో క్రిస్టోఫ్ ఫ్రోషావర్ అనే ప్రింటర్ ఇంట్లో లెంట్ మొదటి ఆదివారం రెండు పొగబెట్టిన సాసేజీలు ముక్కలు కోసి పంచుకు తిన్నారు. పక్కనే ఉన్న పాస్టర్ జ్వింగ్లీ తినలేదు గానీ తిన్నవాళ్లని సమర్థిస్తూ ప్రసంగం చేశాడు, స్విట్జర్లండ్‌లో సంస్కరణోద్యమం అక్కడ మొదలైందంటారు. చరిత్ర పుస్తకాలు జ్వింగ్లీ ప్రసంగం గురించి రాస్తాయి. నాకు ఫ్రోషావర్ నగరపాలకులకి ఇచ్చిన సంజాయిషీ ఇష్టం. ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంతకి పని పూర్తి కావాలి, రాత్రింబవళ్లు పని చేస్తున్నాం, మా పనివాళ్లు ఉత్త జావతో నిలబడలేరు, చేపలు ఎప్పుడూ కొనే స్తోమత లేదు. డెడ్‌లైన్ ముందు రాత్రి ఆఫీసులో బిర్యానీ తెప్పించుకున్నవాళ్లకి ఈ వాదన విప్పి చెప్పక్కర్లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే, 785 ప్రాంతంలో షార్లమేన్ ఓడిపోయిన సాక్సన్లకి రాసిన శాసనం ఉంది. క్రైస్తవాన్ని ధిక్కరిస్తూ లెంట్‌లో మాంసం తింటే మరణశిక్ష. అయితే తప్పనిసరి పరిస్థితుల్లో తిన్నాడేమో పూజారి విచారించాలని అందులోనే మినహాయింపు రాశారు. ఇలాంటి మినహాయింపులు ఈ సంప్రదాయం పొడవునా ఉన్నాయి. అడుక్కుని ముద్దముద్దగా తినేవాళ్లకి, ఒక్కపూట సరిపడా తిండి ఒకేసారి దొరకనివాళ్లకి ఉపవాస నియమం వర్తించదని అక్వినాస్ స్పష్టంగా రాశాడు. రోజూ పస్తులుండేవాడిని ఉపవాసం ఉండమనడంలోని అన్యాయం ఆయనకి తెలుసు. రూలు అంత తెలివితక్కువది కాదని నేను మొదట్నుంచీ అంటున్నది ఇందుకే. అయితే మినహాయింపు పుస్తకంలో ఉండటం వేరు, అవసరమైనవాడికి అందడం వేరు.

1629 జూలైలో, ఇప్పటి ఫ్రాన్స్ తూర్పు కొండల్లో సెయింట్-క్లోద్ అనేచోట క్లోద్ గియోన్ అనే మనిషి తల నరికారు. చితికిపోయిన కుటుంబంవాడు. ఆకలికి ఆగలేక, పొలంలో చంపి పడేసిన గుర్రం మాంసం ముక్క కోసుకుని, నిషిద్ధమైన రోజున వండుకు తిన్నాడు. అక్వినాస్ వాక్యం అప్పటికి మూడున్నర శతాబ్దాల పాతది. ఆ న్యాయస్థానంలో ఎవరికీ అది గుర్తు రాలేదు. తర్వాత వోల్టేర్ ఈ కేసు గురించి రాశాడు, ఆ మఠం కింద వెట్టిలో ఉన్న రైతుల కోసం 1770లలో పోరాడిన వోల్టేరే. మామూలుగా ఆయన దేన్నైనా వెక్కిరించకుండా వదలడు. ఇక్కడా వదల్లేదు. జోకులకి ఇంతకంటే అనువైన ముడిసరుకు లేదు నిజానికి. గుర్రాన్ని చేప అనలేకపోయిన మనిషి కథ ఇది. ఏ ఫన్ ఫ్యాక్ట్ జాబితాలోనూ ఇతను ఉండడు.

ఇవాళ్టి కథలు మళ్లీ తేలికే. మస్క్‌రాట్ తినగలిగినవాడు ఎలాగూ మహామునుల స్థాయి తపస్సు చేస్తున్నట్టే అని మిషిగన్‌లో బిషప్ కెన్నెత్ పోవిష్ చమత్కరించారు. 2010లో న్యూ ఆర్లీన్స్ ఆర్చిబిషప్ గ్రెగరీ ఏమండ్ మొసలి చేపల లెక్కలోకే వస్తుందని ఉత్తరం రాసిచ్చారు. 1962లో సిన్సినాటిలో క్యాథలిక్కులు ఎక్కువున్న పేటలో శుక్రవారాలు బేరాలు పడిపోతున్నాయని ఒక మెక్‌డొనాల్డ్స్ యజమాని చేప బర్గర్ మొదలుపెట్టాడు, ఫిలే-ఓ-ఫిష్ అదే. నవ్వుకోవచ్చు, ఎవరి తలా పోలేదు.

బ్రూగెల్ 1559లో వేసిన కార్నివాల్‌కీ లెంట్‌కీ యుద్ధం అనే పెద్ద బొమ్మ వియన్నా మ్యూజియంలో ఉంది. ఎడమవైపు పీపా మీద ఎక్కిన లావుపాటి కార్నివాల్, చేతిలో పంది తల గుచ్చిన కడ్డీ. ఎదురుగా సన్యాసీ సన్యాసినీ లాగుతున్న బండి మీద ఎముకల గూడులాంటి లెంట్, ఆయుధం రొట్టెల చెక్కగరిటె, దాని మీద రెండు ఎండు హెర్రింగ్‌లు. ఎవరిని వెక్కిరిస్తున్నాడో తేల్చుకోలేం, ఇద్దరినీ అనిపిస్తుంది. అందరూ ఈ ఇద్దరినే చూస్తారు. చుట్టూ వందమందికి పైగా ఉన్నారు, ఎవరి పనిలో వాళ్లు. కార్నివాల్ వైపు కుంటివాళ్ల గుంపుని ఎవరూ పట్టించుకోరు. చర్చి గుమ్మం వైపు బిచ్చగాళ్లకి మంచి బట్టలు కట్టుకున్నవాళ్లు కాసులు వేస్తున్నారు. ఆ కుడివైపునే కింద, బ్రూగెల్ ఒక శవాన్ని కూడా వేశాడు. తర్వాతి కాలంలో ఎవరో, చూడ్డానికి బాగుండదని కాబోలు, దాని మీద రంగు పూసి కప్పేశారు. బ్రూగెల్ కొడుకు వేసిన నకలులో మాత్రం ఆ శవం ఉబ్బిన కడుపుతో అక్కడే పడుంది.